అరుగు మీద ఎనభై ఏళ్ళు

సింహాచలంలో చందనోత్సవం ఇంకో నాలుగు రోజులుందనగా విశాఖ వన్ టౌన్‌లో పనిబడింది. కురుపాం మార్కెట్ దాటి సందులోకి తిరగ్గానే తడి గంధం వాసన తగిలింది. అగరొత్తులది కాదు, డబ్బాలో అమ్మే పొడిదీ కాదు. సాన మీద అప్పుడే తీస్తున్న గంధం పచ్చిగా, చల్లగా, కాస్త మట్టి వాసన కలిసి ఉంటుందే, అది. దాని వెంట నాలుగిళ్ళు నడిస్తే పాత పెంకుటిల్లు కనబడింది. ఇల్లు ఉంది గానీ అరుగు లేదు. అరుగు కొట్టేసి, బళ్ళు పైకెక్కించడానికి సిమెంటు వాలు పోశారు. దాని మీద రెండు స్కూటర్లు, ఒక ఖాళీ గ్యాసు సిలిండరు.

ఆ వీధుల్లో మా తిరుగుడు ఎప్పటిదో. పుట్టిన దగ్గర్నుంచి పండుటాకు దాకా మనిషి మనసు ఎలా మారుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళతో ఎలా ముడిపడుతుంది అన్నది మేము ఎంచుకున్న చదువు. ఆంధ్రా యూనివర్సిటీలో 1967లో కె. రామకృష్ణారావు గారు ఈ డిపార్టుమెంటు పెట్టినప్పుడు పేరులోనే సైకాలజీతో పాటు పారాసైకాలజీ, అంటే అతీంద్రియ శక్తుల చదువు, కూడా ఉండేది. అందుకని ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఎవరు గుమ్మం ముందు నిలబడినా మొదటి ప్రశ్న అటునుంచే వచ్చేది: "దెయ్యాల చదువా అమ్మా?" కాదని నమ్మించేసరికి ఒక కాఫీ అయిపోయేది. ఆ తరవాత కాగితం పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంటే, అడక్కుండానే చాలా సంగతులు కళ్ళబడేవి.

*

అరుగంటే గుమ్మానికి రెండు పక్కలా, గోడ పొడవునా, తొడ ఎత్తుకి కాస్త తక్కువగా కట్టిన తిన్నె. ఆ ఎత్తులోనే కిటుకంతా ఉంది. మోకాళ్ళు అరిగిన మనిషి దాని మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనతాయి, లేవడానికి పెద్దగా ఆయాసపడక్కర్లేదు. ఇప్పటి మెత్తటి సోఫాలో కూర్చుంటే నడుం మోకాళ్ళ కిందికి దిగిపోతుంది. తొడల్లో సత్తువ తగ్గినవాళ్ళు ఎవరో ఒకరు చెయ్యిస్తే తప్ప లేవలేరు. లేవలేనని ఒకసారి తెలిశాక ముందుగదిలోకి రావడం మానేస్తారు. ముందుగదిలోకి రాని మనిషితో వచ్చేపోయేవాళ్ళు మాట్లాడరు. మాటా మంతీ లేక మనసు చిన్నబోయిందని తరవాత మా దగ్గరికి తీసుకొస్తారు. అందుకే ఎవరింటికి వెళ్ళినా మేము ముందు కుర్చీ ఎత్తు చూసేవాళ్ళం. పదిహేడు పద్దెనిమిది అంగుళాల ఎత్తు, గట్టి సీటు, రెండు పక్కలా చేతులు పెట్టుకునే ఊతం. చాలా ఇళ్ళల్లో మేము ఇచ్చిన మొదటి సలహా అదే. మందులు రాసిస్తామనుకున్నవాళ్ళకి కాస్త నిరాశగానే ఉండేది.

పొద్దున్న ఎనిమిదింటికి పెరట్లో పసిబిడ్డ స్నానం. మామ్మ పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ చాపి, వాటి మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టుకునేది. ముందు నూనె, తరవాత సున్నిపిండి, నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని చెంబుతో ధార. చేస్తున్నంతసేపూ నోరు ఊరుకునేది కాదు. "ఇదిగో ఇప్పుడు చెయ్యి… ఈ చెయ్యి ఎవరిది… ఇప్పుడు నీళ్ళు, ఏడవకు ఏడవకు, అయిపోనాది." బిడ్డ ఒక కూత కూస్తే ఆగి, దానికి జవాబిచ్చి, మళ్ళీ మొదలెట్టేది. మాటకి మాట, వంతుకి వంతు. సంభాషణ అనేది మాటలు రాకముందే మొదలవుతుందని మేము పుస్తకాల్లో చదివింది ఇదే. ఆరు వారాలకి బిడ్డ ఎదుటి మొహం చూసి నవ్వడం మొదలెట్టేది ఇలాంటి చోటే. చివర్లో సాంబ్రాణి పొగ వేసేవారు. ఆ వాసన ఎంత తీపి జ్ఞాపకమైనా, పసివాళ్ళ ఊపిరితిత్తులకి పొగ చెరుపు. అది పోతే పోయిందని మేము బాధపడం.

ఎనిమిదో నెల వచ్చేసరికి వీధంతా ఎత్తుకు తిరిగిన బిడ్డ ఉన్నట్టుండి పక్కింటి తాతని చూసి గుక్కపట్టేది. దిష్టి అని ఉప్పు తిప్పేసేవారు. నిజానికి అది ఎదుగుదల. తనవాళ్ళ మొహాలు మనసులో గట్టిగా ముద్రపడ్డాక, వాటితో పోలనిది కనబడితే భయం పుడుతుంది. అరుగు మీది పాతకాపు తాతలకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు గానీ ఏం చెయ్యాలో తెలుసు. చేతులు చాపి మీద పడేవారు కాదు. బిడ్డకేసి చూడకుండా పక్కకి తిరిగి కూర్చుని, మొలకి వేలాడే తాళంచెవుల గుత్తి ఆడిస్తూ ఉండేవారు. పది నిమిషాలకి బిడ్డే తల్లి భుజం మీంచి తొంగి చూసేది.

మూడేళ్ళ గుంట దాగుడుమూతల్లో స్తంభం వెనక తల ఒక్కటీ పెట్టి, ఒళ్ళంతా బయటే వదిలేసి, కళ్ళు మూసుకుని నించునేది. తనకి ఎవరూ కనబడకపోతే తనూ ఎవరికీ కనబడనట్టే ఆ వయసుకి. నాలుగు దాటితే గానీ ఎదుటివాడి బుర్రలో వేరే సంగతి ఉండొచ్చని తట్టదు. "ఏదీ మా గుంట, ఎక్కడికి ఎళ్ళిపోనాది?" అని వెతికినట్టు నటించడం ముసలివాళ్ళకే కుదిరేది. కన్నవాళ్ళకి అంత తీరిక ఉండేది కాదు.

*

ఊళ్ళో సగం మందికి టైము చెప్పింది సైరనే. పోర్టు 1933లో మొదలైంది. 1948లో నెహ్రూ గారు జల ఉష ఓడని నీళ్ళలోకి వదిలిన షిప్‌యార్డు అటుపక్క. సైరన్ కూతకి అన్నం క్యారేజీలు కదిలేవి, సైకిళ్ళు కదిలేవి. ముప్పై ఏళ్ళు ఆ కూతతో లేచిన మనిషికి ఒక సాయంత్రం దండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపేసేవారు. రేపట్నుంచి టైముతో పనిలేని మనిషికి గడియారం ఎందుకిస్తారో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రిటైరైన మొదటి నెలా రెండు నెలలూ పండగలాగే ఉండేది. బంధువుల ఇళ్ళు, తిరుపతి, సింహాచలం మెట్లు. మేము చూసినంతలో గండం ఆ తరవాత వచ్చేది. నాలుగున్నరకే మెలకువ, ఆరింటికే స్నానం, ఇస్త్రీ చొక్కా, ఆపైన వెళ్ళడానికి చోటు లేదు. అప్పుడు వంటింట్లోకి దిగేవారు. పోపులపెట్టెలో ఆవాలూ మెంతులూ వరస మార్చడం, గ్యాసు మంట పెద్దగా ఉందనడం, పాలవాడి లెక్క రెండుసార్లు చూడడం. భార్యకి ఆ వంటిల్లు ముప్పై ఏళ్ళ రాజ్యం. "ఆఫీసుకి ఎళ్ళినప్పుడే బాగుండేవారు" అని ఆవిడ నవ్వుతూ అన్నా, అది నవ్వులాట కాదు. ఆయన పోగొట్టుకున్నది జీతం కంటే ముందు మూడు: ఫలానా టైముకి ఫలానా చోట ఉండాలన్న నియమం, ఈ పని తనే చెయ్యాలన్న గుర్తింపు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనుషులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో రిటైర్మెంటు వయసు 1998లో 58 నుంచి 60కి పెంచారు. ఆ రెండేళ్ళు ఎవరైనా దీనికి సిద్ధపడడానికి వాడుకున్నట్టు మాకు కనబడలేదు.

సిద్ధపడకుండానే గట్టెక్కినవాళ్ళూ ఉన్నారు. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి దిగిన ఒకాయన అరుగు మీద గోనెపట్టా పరిచి, వీధిలో వాళ్ళ పంపుస్టవ్వులు బాగుచేసేవాడు. ఆ పని చూస్తుంటే పొద్దు తెలిసేది కాదు. పంపు ఎంత కొట్టినా గాలి నిలవకపోతే లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకుపోయిందన్నమాట. దాన్ని బయటికి లాగి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, అంచులు గొడుగులా విప్పి మళ్ళీ పెట్టాలి. మంట పచ్చగా మారి గిన్నె నల్లబడుతుంటే నిప్పిల్ కన్నంలో మసి అడ్డుపడిందని లెక్క. సన్నటి పిన్నుతో ఒక్క పోటు. మొరటుగా లావు సూది పెడితే కన్నం పెద్దదైపోయి కిరసనాయిలు కారుతుంది, ఆ నిప్పిల్ ఇక పారెయ్యాల్సిందే. పదేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరేవారు. పిన్ను వాళ్ళ చేతికిచ్చి, తను చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. ఎవడైనా కన్నం పాడుచేస్తే తిట్టేవాడు కాదు. పాడైన నిప్పిళ్ళన్నీ ఒక డబ్బాలో వేయించేవాడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ముందు ఆ డబ్బా చూపించాలని నియమం.

ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పాడు. అంతకుముందు చాలామంది పండితుల పరిశీలన పిల్లల దగ్గరే ఆగిపోయింది; ఇరవై ఏళ్ళకి ఎదుగుదల అయిపోయినట్టే. ఆయన మాత్రం చివరిదాకా వెళ్ళాడు. ఏడో మెట్టులో మనిషికి ఉండే ఆరాటం, తన తరవాతి వాళ్ళకి ఏదో ఒకటి అందించడం. కుదరకపోతే లోపల నీళ్ళు నిలవ ఉన్నట్టు ముక్కిపోవడం. పదేళ్ళ పిల్లలది నాలుగో మెట్టు, చేతికో పని వచ్చని చూపించుకోవాలన్న తహతహ. ఒకే గోనెపట్టా మీద రెండు మెట్లూ ఒకదాని పనికి ఒకటి వచ్చేవి. స్టవ్వులు పోయాయి సరే. ఇప్పుడు తాత దగ్గర కుర్రాడు నేర్చుకోదగ్గ చేతిపని ఇంట్లో ఏదుందని వెతకాల్సి వస్తోంది. ఫోను విషయంలో కుర్రాడే గురువు.

పింఛను వచ్చేవాళ్ళకి నవంబరు నెల వేరే పండగ. బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు చూపాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ వచ్చాక వేలిముద్రతో పని అయిపోతుందన్నారు. తీరా యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. వయసుతో చర్మం పలచబడి గీతలు చదునైపోతాయి. జీవితమంతా గిన్నెలు తోమిన, ఇనుము పట్టిన చేతులకైతే మరీను. వేలు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుడిచి, చలికి పగిలి ఉంటే కాస్త నూనె రాసి తుడిచేసి, బొటనవేలు కాకపోతే మిగతా వేళ్ళు వరసగా చూడాలి. అదీ కాకపోతే కనుపాప, ఇప్పుడైతే ఫోనులో మొహం చూపిస్తే చాలు. ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇచ్చుకోవచ్చు. రద్దీ తగ్గుతుందన్నది నిజమే, కానీ ఆ రద్దీలోనే పాత సెక్షను వాళ్ళు ఏడాదికోసారి ఒకరినొకరు చూసుకునేవారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది అక్కడే తేలేది.

*

గంధం సంగతికొస్తాను. సింహాచలంలో అప్పన్న ఏడాదంతా గంధం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు దాన్ని వొలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రి నుంచి మళ్ళీ పూత: మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలు, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములతో పూర్తి. కొండ మీద రోజుల తరబడి అరగదీత సాగుతుంటే, కింద ఊళ్ళో ఎవరి శక్తికొద్దీ వాళ్ళు ఇంట్లో దేవుడికి ఒక గిన్నెడు తీసుకునేవారు.

ఇప్పుడు అరుగు లేని ఆ ఇంట్లో డెబ్బై దాటిన ఒక మామ్మగారు ఉండేవారు. ఒకప్పుడు ఏడిళ్ళకి ఆవిడే గంధం తీసి ఇచ్చేవారట. మేము చూసేనాటికి వేళ్ళ కణుపులు వాచి, చెక్క పట్టు దొరకడం లేదు. అయినా తీసేవారు. ఎలా తీసేవారో దగ్గర కూర్చుని చూశాం. ఏడిళ్ళ పని మానేసి ఒక్క తన ఇంటికే. ఒకే పూట కూర్చోకుండా రోజుకో పావుగంట చొప్పున వారం ముందునుంచీ. అంతకుముందు తెల్లవారుజామున తీసేవారు; పొద్దున్నే వేళ్ళు బిగుసుకుని ఉంటాయి గనక వేణ్ణీళ్ళ స్నానమయ్యాక పదింటికి మార్చుకున్నారు. చెక్క సన్నగా ఉంటే పిడికిలి గట్టిగా బిగించాలి, అది నొప్పి. అందుకని చెక్క పైభాగానికి పాత పంచెగుడ్డ నాలుగు చుట్లు చుట్టి లావు చేశారు. సాన నేల మీంచి ముక్కాలిపీట మీదికి ఎక్కింది. నీళ్ళు మనవరాలి వంతు. "బొట్టు బొట్టుగా వెయ్యవే!" నీళ్ళెక్కువైతే చెక్క జారిపోతుంది గానీ గంధం దిగదు, తక్కువైతే రాయికి పట్టేసి గరగరమంటుంది. ఆ గరగర వినగానే పిల్ల ఇంకో బొట్టు వేసేది.

జర్మనీలో పాల్ బాల్టెస్, ఆయన భార్య మార్గ్రెట్ అనే సైకాలజిస్టులు 1990లో ముసలితనం గురించి చెప్పిన మాట ఇదే. బాగా ముసలైనవాళ్ళు మూడు పనులు చేస్తారు: కొన్నే ఎంచుకుంటారు, వాటికి సాధన పెంచుతారు, పోయినదానికి బదులు ఇంకో దారి వెతుకుతారు. వాళ్ళిచ్చిన ఉదాహరణ ఆర్థర్ రూబిన్‌స్టీన్ అనే పియానో విద్వాంసుడు. ఎనభై ఏళ్ళ వయసులోనూ ఎలా వాయిస్తున్నారంటే, తక్కువ కృతులు వాయిస్తాననీ, వాటినే ఎక్కువ సాధన చేస్తాననీ, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదిస్తాననీ, దాంతో తరవాతది వేగంగానే వినబడుతుందనీ చెప్పాడు. రూబిన్‌స్టీన్‌ని మేము రికార్డుల్లో విన్నాం. మామ్మగారిని ఎదురుగా చూశాం.

ఆ మరుసటి ఏడు వెళ్తే సాన అటక మీదుంది. కోడలు మంచి మనిషే. "మీకెందుకు అత్తయ్యా ఈ శ్రమ, కూర్చోండి" అని డబ్బా గంధం తెచ్చింది. ఆ కూర్చోండి అన్న మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నామో. ప్రేమతో అన్నదే గనక పెద్దవాళ్ళు ఎదురు చెప్పలేరు. ముందు సాన పోతుంది, తరవాత పూలు కట్టడం, తరవాత కూర తరగడం, ఏడాది తిరిగేసరికి వేళ్ళు నిజంగానే ముడుచుకుపోతాయి. వాడని కీలు వాడినదాని కంటే త్వరగా బిగుసుకుంటుంది. మేము కోడలితో ఒకటే అడిగి చూడమన్నాం: "ఇందులో మీకు ఏ ముక్క కష్టంగా ఉంది అత్తయ్యా?" ఆవిడ చెప్పిన ముక్క ఒక్కటే అందుకోవాలి. తేలిందేమిటంటే, అంత పనిలోనూ కష్టం సాన కడిగి ఎత్తి పెట్టడం ఒక్కటే. సాన కిందికి దిగింది.

*

చెప్పిందే చెబుతారని విసుక్కోని ఇల్లు మేము చూడలేదు. ఒక తాతగారిది 1971 డిసెంబరు. పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ మన రేవు ముందు మునిగిన రాత్రి. బ్లాకౌటు, కిటికీలకి అంటించిన నల్ల కాగితాలు, అర్ధరాత్రి చప్పుడు, అద్దాలు అదరడం. మాట మార్పు లేకుండా అదే వరసలో. ఇంకొకాయనది 1966 ఉక్కు ఉద్యమం. ఇద్దరికీ అప్పుడు ఇరవై, పాతిక మధ్య. ఇది యాదృచ్ఛికం కాదు. ఎక్కడి పెద్దవాళ్ళని అడిగినా పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు జ్ఞాపకాలే ఎక్కువ బయటికొస్తాయి. యాభైల నాటివి పలచగా ఉంటాయి. మొదటి ఉద్యోగం, పెళ్ళి, మొదటి సంతానం, ఊరు మారడం అన్నీ ఆ కాలంలోనే పడతాయి. నేనెవరిని అన్నది అప్పుడే గట్టిపడుతుంది.

గతం తవ్వుకోవడం మతి జారుతున్న లక్షణమని డాక్టర్లు కూడా అనుకునే రోజుల్లో, 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు దానికి జీవిత సమీక్ష అని పేరు పెట్టాడు. మనిషి తన ముగింపు దగ్గరపడిందని గ్రహించినప్పుడు పాత లెక్కలు తీసి సరిచూసుకుంటాడు, అది చెయ్యాల్సిన పనే అన్నాడు. ఎరిక్సన్ ఎనిమిదో మెట్టూ అదే: బతికిన బతుకు ఇది, ఇది నాదే అని ఒప్పుకోగలగడం, లేదా టైము లేదన్న బెంగతో కుంగిపోవడం. ఎరిక్సన్ పోయాక, తొంభై దాటిన ఆయన భార్య జోన్ 1997లో తొమ్మిదో మెట్టు కూడా రాసి చేర్చారు. ఎనభైల తరవాత ఒళ్ళు మాట విననప్పుడు పాత మెట్లన్నీ తలకిందులై మళ్ళీ ఎదురొస్తాయని. అది ఆ వయసులో ఉండి రాసిన మాట గనక మాకు దాని మీద గురి ఎక్కువ.

ఆ సమీక్ష సాగాలంటే వినేవాడికీ కొంత పనితనం ఉండాలి. భోజనమయ్యాక కూర్చోకూడదు, మగత వస్తుంది. పొద్దున్న పదీ పదకొండు మధ్య మంచిది. నలభై నిమిషాలకి మించితే అలసట. ఫ్యాను చప్పుడు తగ్గించాలి, బాగా వినబడే చెవి వైపు కూర్చోవాలి, కిటికీ వెలుగు మన మొహం మీద పడాలి. "ఫలానాది గుర్తుందా?" అని అడిగామా, పరీక్ష పెట్టినట్టే, గుర్తులేకపోతే చిన్నబోయి మూసుకుపోతారు. "అప్పట్లో స్టవ్వు ఎలా వెలిగించేవారు?" అంటే చేతులే ముందు కదులుతాయి. చేతికో వస్తువు ఇస్తే ఇంకా మేలు: నశ్యం డబ్బా, తిరగలి పిడి, పాత రేషన్ కార్డు. మౌనం వస్తే పది లెక్కపెట్టేదాకా పూరించకూడదు. ఏడిస్తే మాట మార్చెయ్యకూడదు, మంచినీళ్ళిచ్చి ఊరికే కూర్చోవాలి. చివరి అయిదు నిమిషాలు మాత్రం ఇవాళ్టికి తీసుకురావాలి, సాయంత్రం ఏం కూర, ఎవరొస్తున్నారు అని. పాతరోజుల్లో దింపేసి లేచి వచ్చేస్తే ఆ రాత్రి వాళ్ళకి నిద్రుండదు. మొదట్లో మేమూ ఆ పొరపాటు చేశాం.

అందరికీ ఇది పనికొస్తుందనీ కాదు. ఒకే గాయం దగ్గర గానుగెద్దులా తిరుగుతూ, ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోతున్నవాళ్ళని ఇంకా చెప్పించడం చెరుపే. అక్కడ మాట్లాడించడానికి ముందు దిగులుకి వైద్యం కావాలి.

ఘాజీ తాతగారి కథ పదో పదకొండోసారి వింటుంటే ఒక కొత్త ముక్క వచ్చింది. ఆ రాత్రి అద్దాలు అదిరినప్పుడు తమ్ముడు ఇంట్లో లేడట. సాయంత్రమే ఇద్దరూ పోట్లాడుకుంటే అలిగి బయటికి వెళ్ళిపోయాడట. తెల్లారేదాకా దీపం వెలిగించకూడదు, వెతకడానికి వెళ్ళకూడదు. "మర్నాడు వచ్చీసినాడు లెండి" అని ఆగిపోయారు. తమ్ముడితో మాటలు లేవని ఇంట్లోవాళ్ళు మాకు ముందే చెప్పారు. పది సార్లు ఘాజీ గురించి చెప్పింది ఇక్కడికి రావడానికని అప్పుడు తెలిసింది.

*

బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర బెంచీ మీద పొద్దున్నే చేరే రిటైర్డు బృందం ఒకటుండేది. పన్నెండు మంది నలుగురయ్యారు. పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళు కొత్తవాళ్ళని చేర్చుకోలేదు. 1961లో ఎలేన్ కమింగ్, విలియం హెన్రీ అనే ఇద్దరు పరిశోధకులు, వయసు మీదపడ్డాక మనిషీ లోకమూ ఒకరినొకరు వదిలేసుకోవడం సహజమన్నారు. అది చదివి చాలామంది, ముసలివాళ్ళు వాళ్ళ మానాన వాళ్ళుంటారులే అనుకోవడానికి వీలు చిక్కింది. లారా కార్‌స్టెన్‌సెన్ అనే సైకాలజిస్టు తరవాత చెప్పిన మాట మాకు సరిగ్గా కుదిరింది: ముందున్న కాలం తక్కువని తెలిసినప్పుడు మనిషి పరిచయాలు తగ్గించుకుని దగ్గరివాళ్ళని ఉంచుకుంటాడు. ఏరుకోవడం అది. అందుకే నలుగురున్న బెంచీ మీద గొడవలు కూడా తగ్గాయి, రాజకీయాలు మాట్లాడినా సరే.

తను ఏరుకుని నలుగురితో ఉన్నవాడికీ, నాలుగో అంతస్తులో దిగలేక ఒక్కడే ఉన్నవాడికీ తేడా తెలుసుకోవడానికి "ఒంటరిగా అనిపిస్తోందా?" అని అడిగితే లాభం లేదు. ఎవరూ ఔననరు. "నిన్న ఎవరెవరితో మాట్లాడారు?" అనాలి. పాలవాడితో, టీవీతో అని నవ్వితే సంగతి తెలిసినట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు ఇది బాగా బయటపడింది. లిఫ్టు లేదు, మోటారు లేదు. మెట్లు దిగలేనివాళ్ళు నీళ్ళ కోసం ఎవరో ఒకరు తలుపు కొట్టేదాకా ఎదురుచూశారు. పాత సందుల్లో మామ్మలు నూతిలో చేద వేసి, కిరసనాయిలు బుడ్డి వత్తి ఎలా కత్తిరిస్తే పొగ రాదో కోడళ్ళకి చూపించారు.

మరుపు మాటకొస్తే, తాళం ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వయసు. తాళం దేనికో మరిచిపోవడం జబ్బు. మధ్యలో చాలా ఉంది, అందుకే ముందు చెవి చూపించాలి. వయసుతో మొదట పోయేది సన్నటి శబ్దాలు. స, త, క లాంటివి జారిపోయి మాట వినబడుతుంది గానీ ఏమన్నారో తెలియదు. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ముందు చేజారతాయి. అరిస్తే ఇంకా గందరగోళం. మొహం ఎదురుగా పెట్టి, నెమ్మదిగా, మామూలు గొంతుతో చెప్పాలి. థైరాయిడ్, బి12 కూడా పరీక్ష చేయించాలి. అవి తక్కువై మతిమరుపొస్తే మందుతో బాగుపడే అవకాశం ఉంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తికమకపడి, లేనివాళ్ళని పిలుస్తుంటే మాత్రం ముసలితనం అని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం పడిపోవడం, ఎండకి నీరు చాలకపోవడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర ఏదైనా కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి. దిగులు కూడా మా వైపు దిగులు అని రాదు. "ఒళ్ళంతా లాగేస్తంది", "తిండి సయించట్లేదు" అనే వస్తుంది, మోకాళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్తుంది.

*

గంధం వాసన ఆ పెంకుటింట్లోంచే. సిమెంటు వాలు మీద ప్లాస్టిక్ కుర్చీ, వాలుకి ఒరిగిపోకుండా ముందు కాళ్ళ కింద రెండు ఇటుకలు. కూర్చున్నది అప్పటి కోడలు. జుట్టు ముగ్గుబుట్టైంది. ఎదురుగా ముక్కాలిపీట మీద అదే సాన, నడుమ ఇంకా గుంటపడి. చెక్కకి చుట్టిన గుడ్డ మాత్రం కొత్తది, ఏదో చుడీదార్ ముక్క.

"మీరా! రండి, కూకోండి" అంటే, ఎక్కడ కూర్చోవాలో తెలియక స్కూటరు పక్కన నించున్నాం. చెక్క గరగరమంది. ఆవిడ ఆగి అటూ ఇటూ చూసింది.

"మనవరాలు ట్యూషన్ నుంచి ఏడింటికి గానీ రాదండి" అని, చెంచాతో తనే ఒక బొట్టు వేసుకుని మళ్ళీ తిప్పడం మొదలెట్టింది.